నాళగర్భ నిర్ణయమున రక్తసూచికలు

ఫలదీకరణము చెందిన అండము, బీజవాహిక లోపొరయందలి సూక్ష్మ శైలికల చలనము చేతను, నాళకండరముల సంకోచము చేతను మెల్లమెల్లగా కదలి, నాలుగైదు దినములలో గర్భాశయమును చేరి, అచ్చటి మెత్తని పొరలో నాటుకొనుట ప్రకృతి విధించిన క్రమము. ఆ క్రమము చెడి, అండము త్రోవలోనే నిలిచి, నిలిచిన చోటనే వేళ్లు దన్నినచో దానిని వైద్యులు గర్భాశయేతర గర్భమందురు. అందు నూటికి తొంబదికి పైగా బీజవాహికలలోనే యేర్పడుటచేత నాళగర్భమనియు వ్యవహరింతురు. ఆస్పత్రి వరండాలలో మాత్రము 'ట్యూబులో గర్భము' అను మాటయే వాడుక. నూరు గర్భములలో ఒకటి రెండు ఇట్టివి. సంఖ్య స్వల్పమే, అపాయము స్వల్పము కాదు. ఏలయన నాళమునకు గర్భాశయమునకు గల సాగు గుణము లేదు, పిండమునకు పాన్పు పరచు డెసిడువా పొర లేదు, మాయకు మూలమగు ట్రోఫోబ్లాస్ట్ కణములు చొచ్చుకొనిపోవునపుడు వానిని నిలువరించు అడ్డు లేదు. అవి కొలది వారములలోనే కండరమును దాటి రక్తనాళములను ఛేదించును; ఆరు మొదలు ఎనిమిది వారముల ప్రాంతమున నాళము పగిలి, వెలికి చుక్కయైనను కానరాకయే ఉదరమంతయు రక్తముతో నిండుటయు కలదు.

ఈ వ్యాధి వైద్యులకు క్రొత్తది కాదు. పదియవ శతాబ్దపు చివర కోర్డోవా నగరమున ప్రసిద్ధుడైన అల్ జహ్రావీ, ఒక స్త్రీ నాభికడ లేచిన వ్రణమునుండి పిండాస్థులు వెలువడుటను చూచి వ్రాసి పెట్టెను. 1876లో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ ప్యారీ, అంతవరకు గ్రంథస్థమైన కేసులను అయిదువందలు ప్రోవుచేసి చూడగా, వారిలో మూడింట రెండు వంతులకు దరిదాపుగా మరణించినట్లు తేలినది. 1883లో బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు లాసన్ టెయిట్ పగిలిన నాళమును కోసి తీసివేసి రోగిని బ్రతికించుటతో చికిత్స సాధ్యమని ఋజువైనదే కాని, నిర్ణయమన్నది నాటికిని, తరువాత చాలకాలమునకును, నాడి పడిపోయి ముఖము పాలిపోయిన పిమ్మట జరుగు కార్యముగనే నిలిచిపోయెను. పగులుటకు పూర్వమే, నాళము ఇంకను చెక్కుచెదరక యున్నప్పుడే, ఒక రక్తపరీక్షతో దీనిని పట్టుకొనవచ్చునా యను ప్రశ్న గడచిన అర్ధశతాబ్దిది.

ప్రశ్నను సరిగా నిర్దేశించుటయే ఇచ్చట సగము పని. నెలతప్పి అయిదారు వారములైన స్త్రీ, పొత్తికడుపులో నొప్పితోను, కొద్దిపాటి ఎరుపుతోను వచ్చును. మూత్రపరీక్ష గర్భమున్నదని చెప్పును. యోనిమార్గమున స్కానింగు చేయగా గర్భాశయములోను ఏమియు కనబడదు, వెలుపలను ఏమియు కనబడదు. ఈ స్థితికి 'స్థానము తెలియని గర్భము' అని వైద్యులు తాత్కాలికముగా పేరు పెట్టిరి. అట్టి స్త్రీ విషయమున మూడు సంభావ్యతలు గలవు: కంటికి ఆననంత చిన్నదైన ఆరోగ్యవంతమగు గర్భము, గర్భాశయములోనే నశించుచున్న గర్భము, లేదా వెలుపల నాటుకొన్న గర్భము. మూడవదానిని తక్కిన రెంటినుండి వేరుచేయగల పదార్థమేదైన ఆమె రక్తములో ఉన్నచో అదియే మనము వెదకు జీవసూచిక. గర్భిణి కాని స్త్రీనుండియో, పదివారముల పుష్టమైన గర్భమునుండియో వేరుచేయుటతో మనకు ప్రయోజనము లేదు. ఈ మాట ఎంత సులభముగ తోచునో, పరిశోధనలలో అంత తరచుగా విస్మృతమైనది.

సూచికలన్నిటికి పెద్ద హెచ్.సి.జి. అను హార్మోను. 1927, 28 సంవత్సరములలో బెర్లినునందు సెల్మార్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ త్సోండెక్ అనువారు గర్భిణి మూత్రమును బాల చుండెలుకలకు సూదితో ఎక్కించి, కొలది దినములకు వానిని చంపి అండాశయములలోని మార్పులను పరీక్షించి గర్భనిర్ణయము చేయు పద్ధతిని ప్రకటించిరి. గర్భము కలదా లేదా యనుటకే అది పనికివచ్చెను. ఎంత, ఎచ్చట అనుటకు పనికిరాలేదు. ఆ హార్మోనులో రెండు భాగములు గలవు. వానిలో ఆల్ఫా భాగము పిట్యూటరీ గ్రంథి స్రవించు మరికొన్ని హార్మోనులలోను ఉన్నదే యగుటచేత, అల్ప పరిమాణములను కొలువబూనినచో ఒకదానికి మరియొకటి అడ్డు వచ్చుచుండెను. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో జూడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రౌన్‌స్టీన్, గ్రిఫిన్ రాస్ అనువారు బీటా భాగమును మాత్రమే గుర్తించు పరీక్షను రూపొందించుటతో ఆ చిక్కు విడిపోయి, రక్తములోని హెచ్.సి.జి.ని అంకెలలో చెప్పుట సాధ్యమైనది. నేడు మందుల దుకాణమున అమ్ము మూత్రపు పట్టీ మొదలు ల్యాబు ఇచ్చు 'బీటా రిపోర్టు' వరకు అన్నియు ఆ పరిశ్రమకు వారసులే.

అంకె చేతికి వచ్చినంతనే దానిని రెండు విధముల వాడ మొదలిడిరి. మొదటిది పెరుగుదల. 1981లో యేల్ విశ్వవిద్యాలయమున కాదర్, కాల్డ్‌వెల్, రొమేరో అను పరిశోధకులు, ఆరోగ్యవంతమైన గర్భమున ఈ హార్మోను నలుబదియెనిమిది గంటలలో కనీసము 66 శాతము పెరుగవలెనని సూత్రీకరించిరి. ఈ సూత్రము ప్రపంచమంతట పాఠ్యగ్రంథములకెక్కి, రెండు దశాబ్దులపాటు తీర్పులు చెప్పినది. దాని పునాది మాత్రము ఇరువదిమంది స్త్రీలు! పిదప పెన్సిల్వేనియాలో కర్ట్ బార్న్‌హార్ట్ బృందము విస్తృతమైన లెక్కలు తీసి 2004లో ఆ కనిష్ఠమును 53 శాతమునకు దించెను. 2016లో మరల సవరించి, మొదటి కొలత 1500 యూనిట్లకు తక్కువయైనచో 49, 1500 మొదలు 3000 వరకు 40, ఆపైన 33 శాతము చాలునని చెప్పిరి. ప్రమాణమును ఇట్లు దించుకొనుచు పోవుటలో గల ధర్మము స్పష్టమే: ఎత్తైన ప్రమాణము పెట్టినచో తల్లి కోరుకొన్న, చక్కగా బ్రతుకగల గర్భమునుగూడ చెడినదిగా ఎంచి తొలగించు ప్రమాదము గలదు. కాని ఎంత దించినను ఒక మొండి సత్యము నిలిచియే యున్నది. నాళగర్భములలో సుమారు అయిదింట ఒకవంతున హార్మోను ఆరోగ్యగర్భమునందు వలెనే పెరుగును; మరికొన్నింటిలో సాధారణ గర్భస్రావమునందు వలెనే తరుగును.

రెండవది హద్దు అంకె. హెచ్.సి.జి. ఒకానొక మట్టమును దాటిన పిమ్మటను గర్భాశయములో తిత్తి కనబడనిచో గర్భము వెలుపల నున్నట్లే యనునది దీని వాదము. ఉదరము మీదనుండి స్కానింగు చేసిన దినములలో ఆ మట్టము 6500 యూనిట్లు. యోనిమార్గపు స్కానింగు వచ్చిన తరువాత 1500, 2000కు దిగెను. అయితే అంతకు మించిన కొలతతో గర్భాశయమున ఏమియు కానరాని స్త్రీలలో కొందరు, కొలది వారములకు స్పందించు పిండములతో తిరిగివచ్చిరి. బోస్టను నగరమున డూబిలే, బెన్సన్ అనువారు అట్టి కేసులను ప్రకటించి, ఒక్క అంకెను నమ్మి మందు వేయరాదని హెచ్చరించిరి. కవలలున్నచోట హార్మోను సహజముగనే అధికముగా నుండును గదా. 2018లో అమెరికా ప్రసూతివైద్యుల కళాశాల, ఈ హద్దును వాడదలచినచో 3500 వరకు ఎత్తవలెనని సలహా యిచ్చినది. ఒక సూచిక హద్దు నలుబదియేండ్ల లోపల నాలుగోవంతుకు దిగి మరల రెట్టింపునకు పైగా ఎక్కినదన్నచో, ఆ సూచికయందు లోపమున్నదనుటకంటె దానిని మనము అడుగుచున్న ప్రశ్నయందే లోపమున్నదనుట న్యాయము.

ప్రొజెస్టిరోను కథయు ఇట్టిదే, కొంచెము పొట్టిది. అండాశయమునందలి కార్పస్ లూటియము స్రవించు ఈ హార్మోను మిల్లీలీటరుకు అయిదు నానోగ్రాములకు తగ్గినచో గర్భము నిలుచుట అరుదు, ఇరువదికి మించినచో నిలుచుటయే పరిపాటి. పెక్కుమంది నడిమి అంకెలలోనే ఉందురు. నశించుచున్న గర్భము లోపలిదైనను వెలుపలిదైనను ప్రొజెస్టిరోను తగ్గును గనుక, ఇది ఆయుష్షును గురించి చెప్పునే గాని స్థానమును గురించి చెప్పదు. లండనులోని పరిశోధకులు రూపొందించిన 'ఎమ్6' అను గణితపద్ధతి, మొదటి ప్రొజెస్టిరోనును, రెండు దినముల హెచ్.సి.జి. నిష్పత్తిని కలిపి, ఈ గర్భము ఎచ్చటిది యని కాక, ఈ స్త్రీని ఇంటికి పంపవచ్చునా, మరల పిలువవలెనా యని అడుగుచున్నది. ఇన్ని పద్ధతులలో తన పరిమితిని తానెరిగి మాటాడునది ఇది యొక్కటియేనని నా అభిప్రాయము.

హేతువును పరీక్షించుటకు మన తార్కికులు పెట్టిన నియమము ఇచ్చట గుర్తు చేసికొనదగినది. హేతువు సపక్షమున ఉండవలెను, విపక్షమున ఉండరాదు. సాధ్యమున్న చోటను లేని చోటను కూడ కనబడు హేతువు సవ్యభిచారము, అనగా నమ్మరానిది. గడచిన నలుబదియేండ్లలో నాళగర్భమునకు ప్రతిపాదింపబడిన సూచికలు పదులకొలదిగ నున్నవి; వానిలో పెక్కింటి పతనమునకు కారణము ఈ రెండవ నియమమును సులభముగా ముగించుటయే. పరిశోధకులు విపక్షముగా ఆరోగ్యవంతులైన గర్భిణులను ఎన్నుకొనిరి. వారితో పోల్చినచో రోగగ్రస్తమైన మాయనుండి వెలువడు పదార్థమేదియైనను భిన్నముగనే కనబడును. నిజమైన విపక్షము నొప్పితో, ఎరుపుతో అదే బల్లమీదికి వచ్చి, గర్భాశయములోనే గర్భము చెడుచున్న స్త్రీ. ఆమెయెదుట నిలిచిన సూచికలు అత్యల్పము.

ఉదాహరణములకు కొదవలేదు. నాళమున ట్రోఫోబ్లాస్టు నేరుగా కండరములో చొచ్చును గనుక దెబ్బతిన్న కండరకణములనుండి క్రియాటిన్ కైనేజ్ రక్తములోనికి రావలెనని 1990 ప్రాంతపు పరిశోధకులు ఊహించిరి. ఊహ అందమైనది, మొదటి ఫలితములును ఆశాజనకములే, కాని తరువాతివారు చూడగా పగిలిన కేసులయందు తప్ప భేదము నిలువలేదు. పగిలిన తరువాత తెలుపు సూచిక మనకెందుకు? మృదుకండరపు మయోసిన్ గొలుసును గురించిన యత్నమును దాదాపు ఇట్లే ముగిసినది. సి.ఏ.125 అను ప్రోటీను విషయమున ఒకరు పెరిగినదనిరి, మరియొకరు తరిగినదనిరి. రక్తనాళములను పెంచు వి.ఇ.జి.ఎఫ్., ప్రాణవాయువు కొరవడిన నాళమున అధికముగా పుట్టవలెనను తర్కముతో వచ్చి కొంతకాలము నిలిచినది. అది యొక్కటియే చాలదని తెలిసి, ప్రొజెస్టిరోనుతోను, మాయనుండి వచ్చు పాప్-ఏ అను ప్రోటీనుతోను జోడించి 'త్రిసూచిక' యని పిలిచిరి.

ఆక్టివిన్-ఏ కథను మాత్రము కొంత నిదానించి చూడవలెను. 2007లో ఇటలీనుండి వెలువడిన యొక పత్రము, మిల్లీలీటరుకు 0.37 నానోగ్రాముల మట్టమును హద్దుగా పెట్టినచో ఈ యొక్క ప్రోటీను నాళగర్భములనన్నిటిని పట్టుకొనునని, తప్పుగా పట్టుకొనునవి నూటికి ఒకటియైనను ఉండవని ప్రకటించెను. వైద్యశాస్త్రమున ఇంతటి పరిపూర్ణత కనబడినపుడు సంతోషించుటకంటె ముందు సంశయించుట మేలు. ఇతరులు తమ రోగులయందు అదే పరీక్ష చేసి చూడగా, నాళగర్భమునకును నశించుచున్న గర్భాశయ గర్భమునకును ఆక్టివిన్ కొలతలు ఒకదానిమీద ఒకటి పడి, ఆ హద్దు కరిగిపోయినది. ఎవరును అబద్ధమాడలేదు. ఒక చోటి రోగులు, ఒక చోటి కొలత పరికరము, ఒక చోటి గర్భవయస్సు కలిసివచ్చి యేర్పరచిన హద్దు మరియొక చోటికి ప్రయాణము చేయలేకపోయినది. ఆడమ్-12 అను ఎంజైమునకును అదే గతి పట్టినది: 2011లో అమెరికానుండి ఆశ, 2012లో ఎడిన్‌బరోనుండి, స్థానము తెలియని గర్భముగల స్త్రీలయందు దాని ఉపయోగము పరిమితమను మాట. ఆ కాలముననే వెలుగులోనికి వచ్చిన సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.లు, ముఖ్యముగా మియార్-323 అనునది, ఇంకను విశాలమైన పరీక్షకు నోచుకొనలేదు.

ఇంతమంది పండితులు ఇన్ని అణువులను వెదకియు స్థానమును చెప్పు అణువును పట్టుకొనలేకపోవుటకు మూలకారణము నాకు తోచినంతవరకు ఇది. మనము కొలిచిన పదార్థములలో అధికభాగము గర్భమునుండి, అనగా ట్రోఫోబ్లాస్టునుండి వచ్చునవి. ఆ కణములు తాము పెరుగుచున్నవో క్షీణించుచున్నవో చెప్పగలవు. తామెచ్చట నున్నవో వానికి తెలియదు. స్థానము తెలిసినది ఆతిథ్యమిచ్చిన ధాతువునకే. అయినచో గర్భాశయపు పొర మాట యేమి? పిండము తనయందు లేదని దానికైన తెలియవలెను గదా యను ఆశతో గ్లైకోడెలిన్, ఎల్.ఐ.ఎఫ్. వంటి ఎండోమెట్రియపు ప్రోటీనులను పరీక్షించిరి. కాని పెరూ దేశపు రోగనిదానవేత్త హావియేర్ ఆరియాస్-స్టెల్లా 1954లోనే వర్ణించిన మార్పులు ఈ ఆశకు ముందుగానే నీళ్లు చల్లినవి: సజీవమైన మాయధాతువు శరీరమున ఎచ్చట నున్నను, దాని హార్మోనుల ప్రభావముచేత గర్భాశయపు పొర గ్రంథికణములు ఒకే తీరున ఉబ్బి వికృతరూపము దాల్చును, లోపలి గర్భమునందును అంతే, వెలుపలి గర్భమునందును అంతే. ఇక మిగిలినది నాళధాతువు. అది చిన్నది, దానినుండి వెలువడునది స్వల్పము, సముద్రము వంటి తల్లి రక్తములో దానిని గుర్తించుట కష్టము. ఐనను ఈ త్రోవయే సరియైనదని నా నమ్మకము.

పొరపాటునకు ఇరువైపుల మూల్యమున్నది గనుకనే ఈ విచారణకు ఇంత పట్టింపు. గుర్తింపని నాళగర్భము ప్రాణము తీయును. లేని నాళగర్భమును ఉన్నదని నిర్ణయించినచో, 1982లో జపానునందు టనాకా మొదలైనవారు తొలిసారి ప్రయోగించిన మెథోట్రెక్సేట్ అను మందు, ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించి, ఇంటిల్లిపాది ఎదురుచూచుచున్న గర్భమును చంపును. చంపక విడిచినచో పిండమును వికలాంగము చేయవచ్చును. చమత్కారమేమనగా, స్థానము చెప్పలేని హెచ్.సి.జి.యే ఈ చికిత్స ఫలించుచున్నదా యను విషయమున నమ్మదగిన సాక్షి: మందిచ్చిన నాలుగవ దినమునకును ఏడవ దినమునకును నడుమ అది 15 శాతము తగ్గినచో చికిత్స సవ్యముగా నడచుచున్నట్లు. క్షీణతను గురించి అడిగినపుడు అది చక్కగా బదులు చెప్పును.

పరిశోధనకు అనువైన క్షేత్రము మరియొకటి గలదు. పేట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్సు అనువారు 1978లో తొలి పరీక్షనాళిక శిశువు లూయీ బ్రౌన్ జననమునకు పూర్వము, 1976లో ప్రకటించిన తొలి పరీక్షనాళిక గర్భము నాళగర్భమే! గర్భాశయములో పెట్టిన పిండము నాళములోనికి ఎక్కినది. అట్టి స్త్రీలలో పిండమును ప్రవేశపెట్టిన దినము, గంట తెలియును గనుక, గర్భవయస్సు తెలియకపోవుటయను పెద్ద దోషము తొలగిపోవును. అయినను వారిలో పెక్కుమంది నాళములు ముందే చెడినవగుటచేత ఫలితములను అందరికి అన్వయించుటలో జాగ్రత్త అవసరము.

మన ప్రాంతమునకు వచ్చినచో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన మడత గలదు. ఆంధ్రప్రదేశమున వివాహితలలో సుమారు 70 శాతము కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారు. తెలంగాణమునందును సగమునకు మించియే. వారిలో పెక్కుమంది ఇరువదియైదేండ్లకు పూర్వమే చేయించుకొందురు, కావున ముందు చాలయేండ్ల సంతానయోగ్యకాలము మిగిలియుండును. అమెరికాలో పదివేలకు పైబడిన స్త్రీలను అనుసరించిన 'క్రెస్ట్' అధ్యయనమున, ఆపరేషను తరువాతను నిలిచిన గర్భములు అరుదే యైనను, అట్లు నిలిచినవానిలో మూడింట ఒకవంతు నాళగర్భములని 1997లో తేలినది. ప్రసవానంతరము నాళమును కత్తిరించు పద్ధతియందు అపాయము అత్యల్పమని, విద్యుత్తుతో నాళమును మాడ్చు పద్ధతియందు హెచ్చని కూడ అందు గలదు గనుక భయపడవలసిన పని లేదు. భయపడవలసినది మరియొకదానికి. "ఆపరేషనై ఎనిమిదేళ్లయింది మేడమ్, ఇంక నాకు కడుపేంటి?" అని కడుపునొప్పితో వచ్చిన స్త్రీ అనును, వినువారును ఔనని తలయూచి, గ్యాసుకో, మూత్రపు మంటకో మందు వ్రాసి పంపుదురు. ఆశా కార్యకర్త సంచిలోని 'నిశ్చయ్' కిట్టు పట్టీమీద రెండు గీతలు చూచుటకు అయిదు నిమిషములు చాలును. క్రొత్త అణువుకొరకు వేచియుండనక్కరలేని సందర్భమిది. వీరు గాక, క్షయవ్యాధి నాళములను మచ్చలుగట్టించిన స్త్రీలును మన దేశమున తక్కువకాదు. స్కానింగు లేకయే దుకాణమున మాత్రలు కొని గర్భస్రావమునకు వాడుకొనువారును గలరు. ఆ మాత్రలు నాళగర్భమును తొలగింపలేవు, వానివలన వచ్చిన రక్తస్రావమును చూచి పని ముగిసినదని ఇంటిలో నిశ్చింతగా నుందురు.

ఇక ముందు రాదగిన సూచికకు నేను కోరు గుణములు రెండు. ఒకటి, అది స్థానము తెలియని గర్భముగల స్త్రీలలోనే, ఫలితము తెలియకమునుపే తీసిన రక్తముపై, రెండు మూడు వేర్వేరు దేశములలో నిలువవలెను. రెండు, అది ఒక్క నమూనాతో పలుకవలెను. నాళగర్భమున్నదని నిశ్చయముగా చెప్పలేకపోయినను, వచ్చినవారిలో సగముమందికి లేదని నిశ్చయముగా చెప్పగలిగిన చాలు. ఏలయన పాడేరు కొండలలోని గూడెమునుండి విశాఖపట్టణమునకు నూరు కిలోమీటర్లకు పైబడి వచ్చిన స్త్రీకి, నలుబదియెనిమిది గంటల తరువాత మరల రమ్మనుటయన్నది పాఠ్యగ్రంథమున ఒక వాక్యము, ఆమెకు రెండు దినముల కూలి, చంటిబిడ్డను చూచువారి వెదకులాట, రాత్రి నాళము పగిలినచో దొరకని వాహనము. అట్టి పరీక్ష నేటికి చేతికి రాలేదు గనుక రెండవ రక్తపరీక్షకు ఆమెను పిలువక తప్పదు. పిలుచు వైద్యురాలు కేసు షీటుపై బీటా అంకె ప్రక్కనే ఆమె ఫోను నెంబరును, తోడు వచ్చిన మనిషి పేరును, ఊరినుండి వచ్చు మొదటి బస్సు వేళను గూడ వ్రాసికొనుట మంచిది.